కిటికీ గట్టు మీది ఊదా మరక

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. ఆ లెక్కన మా వదినను సతాయించే హక్కు నాకు పెళ్ళినాడే వచ్చేసింది. ఇంట్లో దాన్ని ఎన్నడూ వాడుకోలేదు. మిగిలిపోయిన ఆ హక్కునంతా ఇప్పుడు ఆఫీసులో, వదిన తరఫున, వేరేవాళ్ళ మీద వాడుతున్నాను. ఎందుకో చెబుతాను. చెప్పేటప్పుడు గొంతు లేస్తే ఏమీ అనుకోకండి, ఈ సంగతి నెమ్మదిగా చెప్పడం నాకు చేతకాదు.

మా వదిన రసాయన పరిశోధకురాలు. నేను అదే సంస్థలో అయస్కాంత కొలతల గదిలో మెషీన్ చూసుకుంటాను. నిజానికి ఆమెను మా ఇంట్లో అందరికంటే ముందు చూసింది నేనే. నమూనాలు తెచ్చే పరిశోధకులందరూ సీసా నా బల్లమీద పెట్టి, "రేపటికి కావాలి" అని వెళ్ళిపోయేవాళ్ళు. ఈమె మాత్రం స్టూలు లాక్కుని కూర్చుని, "మీ మెషీన్‌కి ఇవాళ ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగింది. ఇంటికి వెళ్ళి అన్నయ్యతో, "నీకు పిల్లను చూశాను, నీ అదృష్టం బాగుంటే ఒప్పుకుంటుంది" అన్నాను. ఒప్పుకుంది. అన్నయ్య అచ్చుయంత్రాల దగ్గర పనిచేస్తాడు, గోళ్ళ కింద సిరా ఎప్పటికీ పోదు. ఆ గోళ్ళు చూసే ఒప్పుకున్నానని వదిన ఇప్పటికీ అంటుంది.

అది ఉత్త వేళాకోళం కాదు. వదిన నాన్న బట్టలకు రంగులు వేసేవాడు. వెనక పెరట్లో గోలేలు, తాళ్ళమీద తడిబట్టలు, మోచేతులదాకా నీలం. కొత్త రంగు కలిపినప్పుడల్లా ఆయన ఒక గుడ్డపేలికకు వేసి, సగాన్ని నల్లటి అట్టముక్క కింద దాచి, మిగతా సగాన్ని ఎండకు వదిలేసేవాడట. కొన్నాళ్ళకు అట్ట తీసి చూస్తే ఎండ తగిలిన సగం వెలిసిపోయిందా లేదా అన్నది దాచిన సగమే చెప్పేస్తుంది. వెలిసిన రంగును ఎంత గిరాకీ ఉన్నా అమ్మేవాడు కాదు. "కొన్నవాళ్ళు ఉతికిన రోజున నా ముఖం గుర్తుకొస్తుంది" అనేవాడట. ఆ పెరట్లో పెరిగిన పిల్ల మా వదిన.

ఆమె చేసే పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నా కోపం అర్థం కాదు. అణువుల్లో ఎలక్ట్రాన్లు జంటలు జంటలుగా ఉంటాయి. జంటలో ఒకదాని స్పిన్, అంటే దానికుండే బుల్లి అయస్కాంతపు దిక్కు, ఇటైతే రెండోదాని స్పిన్ అటు, చెల్లుకు చెల్లు, బయటికి అయస్కాంతం ఏమీ కనబడదు. ఏ అణువులోనైనా ఒక ఎలక్ట్రాన్ జత లేకుండా మిగిలిపోతే, దాని స్పిన్‌ను చెల్లుబెట్టేవాళ్ళు ఉండరు. ఆ అణువే ఒక చిన్న అయస్కాంతం అవుతుంది. కష్టమేమిటంటే అలాంటి అణువుకు ఆయుష్షు తక్కువ. గాలి తగిలితే చాలు, దొరికినదానితో జతకట్టేసి తన గుణం పోగొట్టుకుంటుంది. రంగు పోతుంది, స్పిన్ పోతుంది. అందుకే అలాంటివాటిని గాలి తీసేసిన గాజుగొట్టాల్లో దాచుకుని, భయం భయంగా కొలుస్తారు.

వదిన పట్టుదల ఒక్కటే. గాలిలో ఆరుబయట బతికే అణువును చేయాలి. ఆ ఒంటరి ఎలక్ట్రాన్ చుట్టూ లావుపాటి పరమాణు గుంపుల్ని కొమ్మల్లా ఒక్కొక్కటే కట్టుకుంటూ వచ్చింది, గాలి లోపలికి దూరకుండా. ఎన్నో చేసింది, ఎన్నో చచ్చాయి. చివరికి ముదురు ఊదారంగులో ఒకటి నిలిచింది. దానికి సంస్థవాళ్ళు ఏదో బారెడు పేరు పెట్టారు. మా ఇంట్లో మాత్రం దాని పేరు మొండిపిల్ల.

మొండిపిల్లను వదిన గాజుపలకమీద పరిచి, తన గదిలో కిటికీ గట్టుమీద పెట్టింది. సగం మీద నల్లకాగితం కప్పింది. వానాకాలం వెళ్ళింది, ఎండలు వచ్చాయి. కాగితం తీస్తే రెండు సగాలూ ఒకటే ఊదా. మళ్ళీ కప్పి అక్కడే ఉంచింది. ఆ రోజు ఆనందంలో చెయ్యి తగిలి, పక్కనున్న మొండిపిల్ల ద్రావణం ఒలికింది. గట్టు నునుపు చేయని తెల్లరాయి. పీల్చేసుకుంది. అరచేయంత మరక పడింది. "వాళ్ళ నాన్న పోలికే, ఎక్కడ పనిచేస్తే అక్కడ రంగు" అన్నాడు అన్నయ్య.

ఇంకో సంగతి. వదిన బల్ల దగ్గరికి స్టీలు రానివ్వదు. మొండిపిల్లలో ఉండే అయస్కాంతం ఎంత చిన్నదంటే, కంటికి కనబడని ఇనప రజను ఒక్క రవ్వ పడినా దాని అరుపులో ఈ పిల్ల మాట వినబడదు. అందుకని పిన్నీసు, జడపిన్ను, తాళంచెవులు అన్నీ గుమ్మం దగ్గర డబ్బాలో వేసి లోపలికి రావాలి. సీసాలోంచి పొడి తీయడానికి అందరూ వాడే స్టీలు గరిటె ఆమె వాడదు. ఐస్‌క్రీం కప్పులతో ఇచ్చే ప్లాస్టిక్ చెంచాలు కడిగి, ఆరబెట్టి, వాటితో తీస్తుంది. ఆ చెంచాల కోసం మా ఇంట్లో ఐస్‌క్రీం తినడం డ్యూటీ అయిపోయింది. పై అంతస్తువాళ్ళు నవ్వేవాళ్ళు. 'చెంచాలావిడ' అని పేరు పెట్టారు. అసలు చెంచాలెవరో ఆ భవనంలో అందరికీ తెలుసు, ఆ పేరు మాత్రం మా వదినకు పెట్టారు.

నమూనాను నేనే కొలిచాను. మందులు నింపే ఖాళీ క్యాప్సూల్‌లో పొడి పోసి, దాన్ని కూల్‌డ్రింకు తాగే ప్లాస్టిక్ స్ట్రాలో ఇరికించి, ద్రవ హీలియం చల్లదనంలోకి దించుతాం. కోట్ల మెషీన్‌లోకి స్ట్రా దించడమేమిటని కొత్తవాళ్ళు నోరు తెరుస్తారు. స్ట్రాలో అయస్కాంతం ఉండదు, అంతకంటే ఏం కావాలి? కొలత శుభ్రంగా వచ్చింది. గది వేడిలో అణువుకు ఒక ఒంటరి స్పిన్, లెక్క సరిపోయింది. బాగా చల్లబరిస్తే పక్కపక్క అణువుల స్పిన్లు ఒకదానికొకటి ఎదురు తిరిగి, అయస్కాంతం తగ్గింది. వదిన ఆ గీతను చూసి, "నిజం చెబుతోంది, చాలు" అంది.

మా విభాగం పెద్దాయనకు అది చాలలేదు. "అయస్కాంతమంటే అంటుకోవాలి కదమ్మా. లోహం లేని అయస్కాంతం చేశామంటే లోకమంతా తిరిగి చూస్తుంది. గాలికి నిలిచింది అంటే ఎవరు చూస్తారు?" అన్నాడు. అని, వదిన తయారుచేసే పద్ధతిని తన శిష్యుడి చేతిలో పెట్టాడు. ఆ శిష్యుణ్ణి మేము అల్లుడుగారు అంటాం. పెద్దాయనకు కూతురే లేదు, అయినా ఆ గదిలో ఈయనకు జరిగేవన్నీ కొత్త అల్లుడి మర్యాదలే.

అల్లుడుగారు మొండిపిల్లను తయారుచేశాడు. వడకట్టాక గాజు జల్లెడకు అట్టకట్టి కూర్చున్నదాన్ని గీకి తీసి, నా గదికి పంపాడు. కొలిస్తే గది వేడిలోనే బ్రహ్మాండమైన అయస్కాంతం. చల్లబరిచినా అంతే, వేడిచేసినా అంతే. వదినకు ఫోన్ చేశాను. వచ్చి గీత చూసింది. అప్పటికే అల్లుడుగారు మిఠాయి పెట్టెతో అక్కడ నిలబడి ఉన్నాడు.

"దేనితో గీకారు?" అని అడిగింది వదిన.

"గరిటెతో. దేనితో గీకుతారు మరి?"

"స్టీలుదా?"

"అందరూ వాడేదేనండీ. బాగా గట్టిపడింది, కాస్త బలంగా గీకాల్సొచ్చింది."

వదిన మిఠాయి తీసుకోలేదు. నేరుగా పెద్దాయన దగ్గరికి వెళ్ళింది, నేనూ వెనకే వెళ్ళాను. "సార్, అది అణువు కాదు, గరిటె. గాజుమీద గీకితే ఇనుము రాలింది. ప్లాస్టిక్‌తో తీసి ఇంకోసారి కొలుద్దాం. ఒక్క రోజు పని" అంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "నీ అణువే కదమ్మా, సంతోషించక నీకెందుకీ ఏడుపు? అసూయ మంచిది కాదు" అన్నాడు. తన పిల్లమీద తనకే అసూయట. అది విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది, ఇప్పుడు రాస్తుంటే మళ్ళీ మండుతోంది.

ఆలూ లేదు చూలూ లేదు, పత్రికలవాళ్ళను పిలిచారు. పెద్దాయన, అల్లుడుగారు పక్కపక్కన నిలబడి ఫొటోలు దిగారు. అచ్చయిన వ్యాసంలో వాళ్ళిద్దరి పేర్లే ఉన్నాయి. వదినకు చివర కృతజ్ఞతల్లో కూడా చోటు లేదు. అత్తసొమ్ము అల్లుడు దానం అన్న సామెత ఎవరు కట్టారో గానీ మా అల్లుడుగారిని చూసే కట్టి ఉండాలి.

తరువాత జరగాల్సిందే జరిగింది. ఎక్కడెక్కడివాళ్ళో ఆ పద్ధతిలో చేసి చూశారు. కొందరికి అయస్కాంతం రాలేదు, కొందరికి వచ్చింది గానీ ఒక్కొక్కరికి ఒక్కోలా వచ్చింది. అణువు అయితే అందరి దగ్గరా ఒకేలా ఉండాలిగా. గొడవైంది, ఉత్తరాలొచ్చాయి, సంస్థ విచారణ కమిటీ వేసింది. అప్పుడు పెద్దాయనకు మా వదిన గుర్తుకొచ్చింది.

ఒక ఆదివారం సాయంత్రం మా ఇంటికే వచ్చాడు. అంతకుముందు ఆయన మా వీధి కూడా తొక్కలేదు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. "నువ్వు నా కూతురిలాంటిదానివమ్మా" అని మొదలుపెట్టాడు. నేను టీ తెచ్చి ముందు పెట్టాను. సాసరులో చెంచా కావాలనే స్టీలుది పెట్టాను. ఆయన గమనించలేదు, గడగడా కలుపుకున్నాడు.

ఒక కాగితం తీసి చూపించాడు. మొండిపిల్లను మొదట చేసింది వదిన కాబట్టి, తొలి నమూనా ఆమె దగ్గరే కలుషితమైందనీ, దాన్నే మిగతావాళ్ళు వాడారనీ అందులో ఉంది. సంతకం పెడితే అంతటితో సరి. ఆమె ఉద్యోగం, గది, బల్ల ఉంటాయి. గాలికి నిలిచే గుణం గురించి ఆమె రాసుకున్న వ్యాసాన్ని తానే దగ్గరుండి పంపిస్తాడు. పెట్టకపోతే పై సంవత్సరానికి ఆ గది ఉంటుందో లేదో తన చేతిలో లేదు.

"నా బల్లమీద స్టీలే లేదు సార్" అంది వదిన.

"చిన్న మాటే కదమ్మా. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది."

"జరుగుతుంది. నాకు జరగలేదు. దీనిమీద సంతకం పెడితే రేపు నేను ఏది కొలిచి చూపించినా, ఆమె చెయ్యి మంచిది కాదు అంటారు. గాలికి నిలిచింది అన్నది కూడా అబద్ధమే అనుకుంటారు. నాకున్నదల్లా ఈ చెయ్యి ఒక్కటే."

"నిప్పు లేనిదే పొగ రాదని అంటారమ్మా జనం."

"మీ గదిలో నిప్పు పెట్టుకుని మా ఇంట్లో పొగ వెతుకుతున్నారు" అన్నాను నేను. వదిన నా వైపు చూసింది, నోరు మూసుకోమని కాదు. అన్నయ్య లేచి వెళ్ళి తలుపు తెరిచి పట్టుకున్నాడు. మా అన్నయ్యకు తెలిసిన మర్యాదల్లో అదే గట్టిది. ఆయన వెళ్ళాక వదిన ఏడ్చింది. భయంతో అనుకునేరు, కాదు. "నాన్న ఉంటే గోలెంలో ముంచి పంపేవాడు" అంటూ పళ్ళు కొరుక్కుంటూ ఏడ్చింది.

కమిటీ ముందు వదిన ఎక్కువ మాట్లాడలేదు. అల్లుడుగారి పొడినే అడిగి తీసుకుంది. గాజు చెంబులో ద్రావకం పోసి కరిగించి, సన్నటి వడపోత కాగితంలో వడకట్టింది. ఊదారంగంతా కిందికి దిగింది. కాగితం కింద ఒక చిన్న అయస్కాంతం పెట్టి జరిపితే, కాగితం మీది నల్లటి రవ్వలు దానితోపాటే జరిగాయి. కిందికి దిగినదాన్ని ఆరబెట్టి నేను కొలిచాను, స్ట్రాలో పెట్టి, వాళ్ళ కళ్ళముందే. ఆ బ్రహ్మాండమైన అయస్కాంతం లేదు. ఒంటరి స్పిన్ ఒక్కటే ఉంది, వదిన మొదట చెప్పినట్టే.

ఇంత చూశాక ఎవరైనా ఏం రాస్తారు? వాళ్ళేం రాశారో చెబుతాను. "సాంకేతిక లోపం జరిగింది. బాధ్యులను నిర్ధారించడం సాధ్యం కాలేదు. మూలపదార్థాన్ని రూపొందించిన పరిశోధకురాలు తగిన హెచ్చరికలు రాతపూర్వకంగా ఇవ్వలేదు." తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికిళ్ళన్నీ ఒక్కరి ఒళ్ళోనే కుమ్మరించారు. నోటితో చెబితే అసూయ అన్నారు, కాగితంమీద చెప్పలేదు కాబట్టి తప్పు అన్నారు. వ్యాసం వెనక్కి తీసుకున్నారు, ప్లాస్టిక్ చెంచాతో తీసిన తొలి నమూనాలో ఆ అయస్కాంతం లేదని ఒక ముక్క రాసి, తీసినవాళ్ళ పేరు మాత్రం రాయకుండా. అల్లుడుగారికి పదోన్నతి ఆగలేదు. వదినను కింది అంతస్తుకు మార్చారు, కాలేజీలోంచి కొత్తగా వచ్చే పిల్లలకు సీసాలు పట్టుకోవడం నేర్పడానికి. మొండిపిల్ల జోలికి ఎవరూ వెళ్ళకూడదన్నారు, పాపం చేసింది అదే అన్నట్టు.

ఆమె గది అల్లుడుగారికి ఇచ్చారు. నేను పరిగెత్తుకుని వెళ్ళేసరికే కిటికీ గట్టుమీది గాజుపలక కడిగించేశాడు. అన్నేళ్ళుగా ఎండలో కూర్చున్న ఊదా సగం, కాగితం కింద దాచిన సగం, రెండూ సింకులోంచి వెళ్ళిపోయాయి. నల్లకాగితం చెత్తబుట్టలో ఉంది. దాన్ని తీసి మడిచి సంచిలో పెట్టుకుని, ఆయనకు నేను ఏమన్నానో ఇక్కడ రాయను. మా అమ్మ చదువుతుంది.

మరక మాత్రం పోలేదు. సబ్బుతో రుద్దించాడు. ద్రావకం పోసి రుద్దించాడు, ఇంకాస్త పెద్దదైంది. ఒకరోజు నన్నే ఆపి, "దీన్ని ఎలా తీయాలో మీ వదినగారిని అడుగుతారా?" అన్నాడు. సిగ్గు అనేది కొందరికి పుట్టుకతోనే ఇవ్వరు కాబోలు. అడిగాను. వదిన పిల్లల ప్రయోగాల నోటుపుస్తకాలు దిద్దుతూ, తల ఎత్తకుండా, "పోయేదైతే నేనెందుకు చేస్తాను?" అంది.

ఇక అసలు మండే ఘట్టం. ప్లాస్టిక్ చెంచాలతో చేసుకున్న దూరదేశపువాళ్ళు కొందరు, అయస్కాంతం సంగతి అబద్ధమేగానీ ఈ అణువు గాలిలో చెక్కుచెదరకుండా ఉంది, ఇలాంటిది మేమెక్కడా చూడలేదు అని రాశారు. ఆ ఉత్తరం వచ్చిన వారానికల్లా మరకకు యోగం పట్టింది. రుద్దడం ఆపారు. దానిమీద అద్దం వేసి, పక్కన ఇత్తడి పలక బిగించారు. "గాలికి నిలిచే అణువు. ఈ విభాగంలో రూపొందినది." కింద పెద్దాయన పేరు. వదిన పేరుకు పలకలో చోటు చాలలేదట, నేను అడిగితే అలాగే చెప్పారు. బోలెడు ఖాళీ ఉంది, నా అరచెయ్యి పెట్టి చూశాను.

భోజనాల వేళ గది ఖాళీగా ఉన్నప్పుడు వదినను తీసుకెళ్ళి చూపించాను. గుమ్మం దగ్గర అలవాటుకొద్దీ జడపిన్ను తీసింది. వేయడానికి డబ్బా లేదు. గుప్పిట్లోనే పట్టుకుని లోపలికి వచ్చింది. అద్దంమీద వేలు జరుపుతూ పలక మూలదాకా వెళ్ళింది.

"స్టీలు మరలు బిగించారు అమ్మాయ్" అంది.

"నీ పేరు లేదు వదినా."

"చూశాను. నాకు గుడ్డితనం లేదు. కోపం ఉంది. నేను కిందికి వెళ్ళి పిల్లలకు గరిటె ఎలా పట్టుకోవాలో చెప్పాలి, కోపంతో చేతులు వణికితే ఎలా? నువ్వు పట్టుకో కాసేపు."

అప్పటినుంచి పట్టుకునే ఉన్నాను. ఆ గది నా గదికి రెండు తలుపుల అవతలే. విభాగాన్ని చూడటానికి ఎవరొచ్చినా పెద్దాయన అద్దం దగ్గర నిలబెట్టి ఉపన్యాసం చెబుతాడు. వాళ్ళు అటుపై నా మెషీన్ చూడటానికి వస్తారు, రాక తప్పదు. స్ట్రా చూపిస్తాను, హీలియం చూపిస్తాను, ఆఖర్న, "ఆ ఊదా అణువును చేసింది మా వదిన. కింది అంతస్తులో, మెట్ల పక్క గది" అంటాను. పెద్దాయన నన్ను పిలిపించి, నీ పని నువ్వు చూసుకో అన్నాడు. చూసుకుంటున్నానండి, నేను ఆడపడుచును, అన్నాను.

మొన్న ఆ ఉత్తరం రాసిన దూరదేశపువాళ్ళే వచ్చారు. వాళ్ళ నాయకురాలు తల నెరిసిన మనిషి. నేను చెప్పింది చివరిదాకా వింది. తన సంచిలోంచి ఒక ప్లాస్టిక్ చెంచా తీసి, "ఇలాంటివి వాడేది ఆవిడేనా?" అని అడిగింది. అవునన్నాను. మిగతావాళ్ళను వెంటేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేను వెనకే వెళ్ళి చూశాను. వదిన తలుపు దగ్గర కొత్త డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. అంత పెద్ద పెద్దవాళ్ళు పెన్నులు, తాళాలు, గడియారాలు విప్పి అందులో వేసి, ఒకరి వెనక ఒకరు లోపలికి వెళుతున్నారు.

పైన అల్లుడుగారు వాళ్ళకోసం టీ, బిస్కట్లు బల్లనిండా సర్దించి ఉంచాడు. పెద్దాయన అద్దం పక్కన, మాట్లాడటానికి గొంతు సవరించుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "వాళ్ళేరి?" అన్నాడు.

"అణువును చూడటానికి వెళ్ళారండి" అన్నాను.